పిచ్చిమొక్కకీ ఓ పేరు

మన ఆడవాళ్ళకి మొక్కలు తెలియవంటే ఒప్పుకుంటామా? కరివేపాకు, తులసి, మరువం... కళ్ళు మూసుకుని వాసన బట్టి చెప్పేస్తాం. మరి మనకి పనికిరానిదాన్నేమంటాం? పిచ్చిమొక్క. దాని పేరు కనుక్కోవడం కూడా దండగే అన్నట్టు!

గునుగునే తీసుకోండి. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు మక్కచేలల్లో అది కలుపు. వానాకాలమంతా ఆడకూలీలు నడుం వంచి పీకి గట్టుమీద పారేస్తారు. (లేతాకు కొంగున కట్టుకెళ్ళి కూర వండుకునే వాళ్ళూ ఉన్నారు, అది వేరే సంగతి.) బతుకమ్మ వచ్చేసరికి అదే గునుగు బజార్లో కట్టలుగా అమ్ముడుపోతుంది. రంగులద్దుకుని తాంబాళంలో వరసలు తీరి పూజలందుకుంటుంది. పండగ వెళ్ళాక చేలో మిగిలింది మళ్ళీ కలుపే. మొక్కేం మారలేదు, మన అవసరం మారిందంతే.

మనుషుల దగ్గర మాత్రం వేరేగా ఉంటామా ఏవిటి? ఏళ్ళ తరబడి అంట్లు తోమే మనిషిని ‘పనమ్మాయి’ అనే తప్ప పేరు పెట్టి పిలవని ఇళ్ళు ఎన్ని లేవు!

వృక్షశాస్త్రం ఈ లాభనష్టాలు చూడదు. రేకులెన్ని, కేసరాలెన్ని, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా అని చూస్తుంది. అలా చూసే గునుగుని తోటకూర కుటుంబంలో కలిపింది. మనం గుత్తులుగా వండుకునే వంకాయనీ, విషమని దూరం పెట్టే ఉమ్మెత్తనీ ఒకే ఇంటి బిడ్డలంది. 1995లో ‘ఫ్లోరా ఆఫ్ నిజామాబాద్’ అనే పుస్తకం వచ్చింది. కామారెడ్డి అప్పటికింకా ఆ జిల్లాలోదే, 2016లో వేరుపడింది. అలాంటి పుస్తకాల్లో టేకు మానుతో పాటు గడ్డిపరకకీ చోటుంటుంది.

అలాగని చదువుకున్నవాళ్ళ చూపే గొప్పదని నేననను. రెండాకుల మొలకగా ఉన్నప్పుడే ఏది పంటో ఏది కలుపో పోల్చగలిగేది ఆ కూలి మనిషే. పేరు తెలిసి పీకేది ఆవిడ. పేరు తెలియక తొక్కుకుంటూ పోయేది మనం.

తంగేడుకి 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు క్యాసియా ఆరిక్యులేటా. ఆరిక్యులేటా అంటే చెవులున్నదని. ఆకుకాడ మొదట్లో చెవి తమ్మెల్లాంటి చిన్న ఆకుతునకలుంటాయి. పువ్వు కోసే చేతికి తగులుతూనే ఉంటాయి, చూసినవాళ్ళెందరు? పెళ్ళయిన పిల్లకి ఇంటిపేరు మారినట్టు క్యాసియా పోయి ఇప్పుడు సెన్నా అయింది గానీ, చెవులెక్కడికీ పోలేదు. ఈసారి బతుకమ్మకి కోసేటప్పుడు చూడండి. పక్కనే పసుపుపచ్చ పూలతో కసివింద కూడా ఉండొచ్చు. దానికి ఆ చెవులుండవు.