పంజరములో సంధి

మహాభారత శాంతిపర్వమునందలి ఆపద్ధర్మభాగమున భీష్ముడు ధర్మరాజునకు పూజని యను పక్షి కథను చెప్పును. కాంపిల్య నగరాధీశుడైన బ్రహ్మదత్తుని యంతఃపురమున చిరకాలము వసించి, సముద్రతీరమునుండి రెండు పండ్లు తెచ్చి ఒకటి తన పిల్లకును ఒకటి రాజకుమారునకును ఇచ్చుచుండిన యా పక్షి, ఆ కుమారుడే తన పిల్లను చంపగా, శోకావేశమున వాని కన్నులను గోళ్లతో చీల్చి, ఇక నిచ్చట నుండజాలనని బయలుదేరెను. అపకారమునకు ప్రత్యపకారము జరిగినది గనుక ఋణము తీరినదనియు, మునుపటివలెనే యుండుమనియు రాజు బతిమాలెను. పూజని యొప్పుకొనలేదు, వైరము పుట్టినచోట విశ్వాసము మరల మొలవదని దీర్ఘముగా వాదించి యెగిరిపోయెను.

చెడిన సహవాసము తిరిగి కుదురునా, కుదిరినచో దేనివలన కుదురును అను ఈ ప్రశ్నను రాజాంతఃపురమునుండి దించి, ఒక్క పంజరములో పెరుగు రెండు మగ గినీపిగ్గుల ముందు ఉంచదలచితిని. అల్పవిషయమని పాఠకులు త్రోసివేయవలదు. మనుష్యుల సంధిలో పశ్చాత్తాపము, క్షమాపణము, ప్రతిజ్ఞ, మధ్యవర్తి వాక్చాతుర్యము కలగలిసి యుండుటచేత, వానిలో ఏది సంధికి ప్రాణమో ఏది అలంకారమో వేరుచేయుట కష్టము. మాటలేని జీవులయందు ఆ అలంకారమంతయు తొలగిపోవును.

మన దేశమున ప్రయోగశాలల ప్రసక్తితోనే ఎక్కువగా వినబడు ఈ జంతువును, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతవాసులు కొన్ని వేల యేండ్ల క్రిందటనే ఆహారముకొరకు మచ్చిక చేసిరి. 16వ శతాబ్దమున అది ఐరోపా చేరి, క్రమముగా ఇండ్లలో పెంపుడు జంతువైనది. ఒంటరితనము దీనికి దుర్భరము. 2008 నాటి స్విట్జర్లాండు జంతుసంరక్షణ నిబంధనలు దీనిని ఒంటరిగా పెంచుటను అనుమతింపవు. కాని ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకదానిపై నొకటి ఒరిగి నిద్రించిన అన్నదమ్ములే, మూడు నాలుగు నెలల ప్రాయము మొదలు ఏడాది దాటువరకు, యౌవనోద్రేకమున ఒకదానినొకటి సహింపలేని స్థితికి వచ్చుచుండును. తోడు లేక బ్రతుకజాలని జీవికి తోడే కంటకమగుట, విచారింప విచారింప, మనకు తెలియని దుఃఖము కాదు.

గురగుర ధ్వని చేయుచు నడుము ఊపుచు ఎదుటిదాని చుట్టును తిరుగుట, మూతి పైకెత్తి ఎవరిది ఎత్తో చూపుట, వెంటాడుట, మీదికెక్కుట, ఇవన్నియు ఎవరు పెద్ద, ఎవరు చిన్న అను నిర్ణయమునకై జరుగు వ్యవహారము. యజమాని భయపడి ప్రతి గురగురకును విడదీసినచో ఆ నిర్ణయము సగములో ఆగి, మరునాడు మొదటినుండి ప్రారంభమగును. పండ్లు కటకటలాడుట, మెడమీది రోమములు నిక్కబొడుచుకొనుట హెచ్చరికలు. రెండును ముద్దగా పెనగులాడి రక్తము కనబడినచో మాత్రము తత్క్షణము వేరుచేయవలెను. అదియు వట్టిచేతితో గాక, మందపు తువాలు అడ్డువేసి చేయవలెను.

ఇచ్చటనే పెంచువాని మనస్సునకు పరీక్ష. కరచినది ఏది, కరపించుకొన్నది ఏది అని విచారించి, ఒకదానిని దుష్టునిగను ఒకదానిని సాధువుగను నిర్ణయింపవలెనని బుద్ధి తొందరపడును. కాని కరచినది పంటిబాధతోనో, మూత్రాశయములోని రాతినొప్పితోనో కరచియుండవచ్చును. సమీపమున ఆడుజంతువు వాసన సోకి చిత్తము చెదరియుండవచ్చును. జర్మనీలోని మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు నార్బర్ట్ సాక్సర్, ఆయన సహచరులు చేసిన పరిశోధనలలో, పెద్ద గుంపులో పెద్దవైన మగజంతువుల నడుమ పెరిగిన మగపిల్లలు అపరిచితుడైన మగవానిని శాంతముగా ఎదుర్కొనుటయు, ఒక్క ఆడుదానితోనే పెరిగినవి ఘోరముగా పోరాడుటయు కనబడినది. పెద్దల చెంత నేర్వవలసిన వినయమును నేర్చు అవకాశమీయక, నేర్వలేదని కరచినదానిని దూషించుట న్యాయమా? ఈ కలహమున దోషి నన్వేషింపబూనినవాడు తుదకు తన యింటి ఏర్పాటునే చూపవలసి వచ్చును.

ఇక సంధి కుదుర్చు ఉపాయమును చూతము. కౌశాంబిలో భిక్షువులు శౌచస్థలమునందలి పాత్రలో నీరు మిగిల్చిన స్వల్పదోషముపై రెండు పక్షములై కలహించినప్పుడు, సాక్షాత్తు బుద్ధుని ఉపదేశమును వారి చెవికెక్కలేదు. ఆయన పారిలేయక వనమునకు వెడలిపోగా, పురజనులు భిక్ష మానివేసిన తరువాతనే వారు దారికి వచ్చిరి. ఆకలి తెచ్చిన సంధిని నేను కాదనను. కాని మూగజీవుల విషయమున సమృద్ధియే ఉపాయము. గాయములు మానువరకు నడుమ తీగెల తెర నుంచి, చూపునకును వాసనకును దూరము చేయక, ఒకదాని పరుపుగడ్డిని మరొకదాని వైపునకు మార్చుచుండవలెను. తరువాత ఏ ఒక్కదాని వాసనయు సోకని క్రొత్త తావున, ఎండుగడ్డి విస్తారముగా పరచి, రెంటిని ఒక్కసారి విడిచి, గంటలకొలది ఓపికతో చూడవలెను. కుదిరినచో, కడిగి శుభ్రపరచిన విశాలమైన పంజరములో రెండు గిన్నెలు, రెండు నీటిసీసాలు, రెండు గూళ్లు ఉంచవలెను. ప్రతి గూటికిని రెండేసి ద్వారములుండవలెను.

ఆ రెండవ ద్వారముపైననే నా ఆలోచన నిలిచిపోయినది. ఒక్క ద్వారమే యున్న గూటిలో బలహీనమైనది చిక్కుపడి, తప్పించుకొనలేక, ప్రాణభయమున తిరుగబడును. రెండవ ద్వారమున్నచో మౌనముగా వెడలిపోవును, కలహము అచ్చటనే ముగియును. పూజని వాదమున నాకు గోచరించు బలమిదియే. ఆ పక్షికి రెక్కలున్నవి. అందుచేత దాని నిరాకరణమునకు విలువ వచ్చినది. ఒకవేళ అంగీకరించియున్నచో ఆ యంగీకారమునకును విలువ వచ్చియుండెడిది. పోవుటకు దారిలేని ప్రాణి ఊరకుండుటను సంధి యని పిలుచుట మన సౌకర్యముకొరకే. మన కుటుంబములలో పెద్దలు కూర్చుండబెట్టి చేతులు కలిపించు రాజీలు ఎన్నియో ఇట్టివి.

కనుక పలుమారు ప్రయత్నించినను రెండును రక్తపాతమునకే దిగుచున్నచో, తీగెల తెరకు చెరియొక వైపున శాశ్వతముగా నుంచుట అపజయము కాదు. తెరకు ఆవలినుండి ఒకదాని కూతకు మరొకటి బదులు పలుకుచునే యుండును. ఒంటరితనము తీరును, గాయము ఉండదు. దానిని నేను సహవాసమనియే చెప్పుదును. మగపిల్లలను జంటగా తెచ్చుకొనదలచిన వారికి నా విన్నపము: ముందుగా మీ యింట రెండవ పంజరమునకు చోటున్నదో లేదో చూచుకొనుడు, ఆ చోటు లేనిచో ఆ జంటను తేవలదు.