తల్లిని హోమ్‌లో చేర్చడం కృతఘ్నతేనా?

పక్షవాతంతో మంచాన పడిన అమ్మ. పగలంతా పనికి పోయే కొడుకూ కోడలూ. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, శుభ్రం చేయాలి, కూర్చోబెట్టి తినిపించాలి. ఈ ఇల్లు మీదే కావచ్చు. ఏదో ఒక రాత్రి 'ఎక్కడైనా హోమ్‌లో చేరుద్దామా' అన్న మాట వస్తుంది. వెంటనే మనసులో ముల్లు గుచ్చుకుంటుంది. కన్నతల్లిని పరాయివాళ్ల చేతుల్లో పెట్టడం కృతఘ్నత కాదా?

తల్లిని ఒక భుజం మీద, తండ్రిని మరో భుజం మీద పెట్టుకొని నూరేళ్లు మోసినా వాళ్ల ఋణం తీరదని బుద్ధుడు చెప్పాడు. మనం ఇంతవరకే గుర్తుపెట్టుకుంటాం. ఋణం తీరే దారి కూడా ఆయన అక్కడే చెప్పాడు: వాళ్ల మనసును శ్రద్ధలో, శీలంలో, దానంలో, ప్రజ్ఞలో నిలబెట్టడం. అంటే మోయడం ఒక్కటే సేవ కాదు. ఇంట్లోనే ఉంచుకొని రోజూ విసుగు మాటలు వినిపిస్తే ఏ ఋణం తీరినట్టు?

ధమ్మంలో కర్మ అంటే చేతన. కాబట్టి ముందు మీ చేతనను చూసుకోండి. అమ్మకు ఇంట్లో అందని సేవ అందాలని చేరుస్తున్నారా, కళ్లముందు లేకపోతే చాలని చేరుస్తున్నారా? 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ఇదే అడుగుతుంది. పూర్తిగా వదిలేయాలన్న ఉద్దేశంతో పెద్దవాళ్లను ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. చేర్చడం వేరు, వదిలేయడం వేరు.

ఇంకో సంగతి. 'హోమా? పరువు పోతుంది' అని దూరాన ఉండి ఫోనులో అనే అన్నదమ్ములు ఉంటారు. వాళ్లను నెలకు పది రోజులు వచ్చి చేయమనండి. రాత్రిళ్లు నిద్ర లేక అరిగిపోతున్న కోడలు మీద కూడా కరుణ ఉండాలి కదా.

ఇక హోమ్‌ను ఎలా ఎంచుకోవాలి? రోగికి సేవ చేసేవారికి ఉండాల్సిన ఐదు లక్షణాలను బుద్ధుడు వినయ పిటకంలో చెప్పాడు. వాటినే పట్టుకొని వెళ్లండి.

ఒకటి, మందు సిద్ధం చేసి ఇవ్వగలగాలి. నర్సు ఎప్పుడెప్పుడు ఉంటుంది, రాత్రి ఎంతమంది ఉంటారు, ఆస్పత్రి ఎంత దూరం అని అడగండి.

రెండు, రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి. చెప్పకుండా భోజనం వేళకు వెళ్లి చూడండి. పడుకోబెట్టే తినిపిస్తుంటే పొలమారుతుంది.

మూడు, లాభం కోసం కాక మైత్రితో చేయాలి. ఫీజు తీసుకోవడం తప్పు కాదు. కానీ నెలకు ఎంత, అడ్వాన్సు తిరిగి ఇస్తారా, దేనికి అదనం అన్నది కాగితం మీద రాసి ఇవ్వనంటే ఆలోచించండి.

నాలుగు, మలమూత్రాలకు అసహ్యపడకూడదు. గది వాసన చూడండి. వీపు మీద పుండ్లు ఉన్నవాళ్లు ఎంతమందో, ఎవరినైనా మంచానికి కట్టారేమో చూడండి. మలంలో పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడూ ఆనందుడూ తమ చేతులతో కడిగి మంచం మీద పడుకోబెట్టారు. అక్కడి ఆయా చేసేది అదే పని. ఆమెతో మర్యాదగా మాట్లాడండి.

ఐదు, మంచి మాటతో రోగి మనసును సంతోషపెట్టాలి. మొదటి నాలుగూ డబ్బుకు దొరకవచ్చు. దీన్ని మాత్రం పూర్తిగా వాళ్లకు అప్పజెప్పకండి, ఇది మీ వంతు. వారానికి ఒక రోజు పెట్టుకొని వెళ్లండి. పక్కన కూర్చొని చేయి పట్టుకోండి.

చివరగా, అమ్మకు నిజం చెప్పండి. 'రెండు రోజుల్లో తీసుకొచ్చేస్తాం' అని నమ్మించి దింపి రాకండి. ఆ అబద్ధం ఆమెను రోజూ గుమ్మం వైపు చూసేలా చేస్తుంది. మాట్లాడగలిగితే ఆమెను అడగండి, వీలైతే ముందే తీసుకెళ్లి చూపించండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, మీరు లేచి వెళ్లిపోకండి. సమ్యక్ వాక్కు ఇలాంటి చోటే కష్టం. అవసరం కూడా ఇలాంటి చోటే.