సినిమాలో వచ్చిన కన్నీళ్ళు ఎవరివి?

మా తాత చనిపోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. వేలూరు ఆసుపత్రి నుంచి వ్యానులో గుడియాత్తం తీసుకొచ్చారు. అవ్వ, అమ్మ, అత్తలు అందరూ ఏడుస్తా ఉంటే నేను వాకిట్లో కుర్చీలు వేస్తా ఉన్నాను. "పిల్లోడు గట్టివాడు" అని ఎవరో అన్నారు. నేను గట్టివాణ్ణి కాదు. ఏడుపు ఎందుకు రాలేదో నాకే తెలియలేదు.

మూడు నెలల తర్వాత బడిలో మాకు 'మల్లేశం' సినిమా వేశారు. అది చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కనున్న స్నేహితులు నవ్వారు. ఆ రాత్రి నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. సొంత తాతకు రాని కన్నీళ్ళు సినిమాలో ఎవరో అమ్మకు వచ్చాయంటే అవి నిజమైన కన్నీళ్ళేనా? అసలు నేను మంచివాడినేనా?

ఆ సినిమా 2019లో వచ్చింది. చింతకింది మల్లేశం అనే చేనేత కార్మికుని నిజమైన కథ. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అంటే దారాన్ని మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు కదలాలట. వాళ్ళమ్మ లక్ష్మికి భుజం నొప్పి. అది చూడలేక, ఆరో తరగతితో చదువు ఆపేసిన ఆ కొడుకు ఏండ్ల తరబడి కష్టపడి ఆసు యంత్రం చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

మా తాత కూడా నేతగాడే. మా ఊరు లుంగీలకు పేరుపడ్డ ఊరు కదా. లుంగీకి ఆసు పని లేదు, కాబట్టి మా ఇంట్లో ఆసు ఎప్పుడూ లేదు. గుంట మగ్గం ఉండేది. కుడి చేత్తో తాడు లాగితే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. ఎన్నిసార్లు లాగాడో ఎవరూ లెక్కపెట్టలేదు. పవర్ లూములు వచ్చినాక మగ్గం పోయింది, భుజం నొప్పి మాత్రం ఉండిపోయింది.

సినిమాలో ఆ అమ్మ భుజం పట్టుకున్నప్పుడు నాకు కనబడింది ఆమె కాదు. మా తాత. ఒక సాయంత్రం ఆయన "భుజానికి రవ్వంత నూనె రాయిరా నాయనా" అన్నాడు. నేను ఫోన్‌లో ఆట ఆడుతున్నాను. తల ఎత్తకుండా "నీకెప్పుడూ నొప్పే" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత నన్ను ఇంకెప్పుడూ అడగలేదు.

చావు రోజు నాకు ఏడుపు రాకపోవడానికి కారణం ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నా. ఏడిస్తే ఆ మాట గుర్తుకొస్తుంది. ఇంట్లో తప్పించుకోవడానికి కుర్చీలు ఉన్నాయి, టీ గ్లాసులు ఉన్నాయి. సినిమాలో అలా కాదు, చీకట్లో కూర్చోవాల్సిందే. పైగా అది ఇంకొకరి కథ అని మనం జాగ్రత్త లేకుండా ఉంటాం. అప్పుడే మన కథ లోపలికి వచ్చేస్తుంది. కరుణ రసానికి శోకం స్థాయీభావమని తెలుగు పాఠంలో బట్టీ పట్టాను. దాని అర్థం ఆ రోజు తెలిసింది. గ్రీకు దేశపు అరిస్టాటిల్ విషాద నాటకం చూస్తే జాలి, భయం శుద్ధి అవుతాయని చెప్పాడట. నా విషయంలో శుద్ధి ఏమీ కాలేదు. ఎక్కడ మురికి ఉందో కనబడింది, అంతే.

తర్వాత రాయడం మొదలుపెట్టాను. మొదటిసారి రాసింది చూస్తే నాకే నవ్వు వచ్చింది. "మా తాతగారు ఎంతో మంచివారు. నేనంటే ఆయనకు ప్రాణం." రెండు పేజీలు అచ్చం పరీక్ష వ్యాసంలాగా ఉంది. మనసు కొంచెం కూడా తేలిక కాలేదు. ఆనీ ఫ్రాంక్ అనే అమ్మాయి 1942లో పదమూడో పుట్టినరోజుకు వచ్చిన డైరీలో కిట్టీ అనే స్నేహితురాలికి ఉత్తరాలలాగా రాసేది. నేనూ తాతకే ఉత్తరంలాగా రాశాను. వీధిలో తమిళం, బడిలో పుస్తకాల తెలుగు. కానీ తాతకు రాయాలంటే ఆ రెండూ పనికి రాలేదు. మా ఇంటి తెలుగులోనే రాశాను. "రవ్వంత నూనె" అనే మాట ఆయన పలికినట్టే రాసినప్పుడు పెన్ను ఆగిపోయింది.

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మానసిక శాస్త్రవేత్త 1986లో ఒక పరిశోధన ప్రచురించాడు. కాలేజీ విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలోని పెద్ద బాధ గురించి రాయించాడు. రాసిన వెంటనే వాళ్ళకు బాధ ఎక్కువైంది. కానీ బాధతో పాటు జరిగిందీ రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. నాకూ మొదటి రెండు రోజులు అన్నం సయించలేదు. వారం తర్వాత నిద్ర బాగా పట్టింది.

ఇక్కడే నాకు అసలు చిక్కు వచ్చింది. నిద్ర పట్టడం న్యాయమేనా? నొప్పి పడింది తాత, తేలికైంది నేను. "రాసేస్తే తప్పు పోతుందా? అట్లయితే అందరూ తప్పు చేసి నోటుబుక్కు కొనుక్కోవచ్చు" అని నా స్నేహితుడు అడిగాడు. వాడు చెప్పింది సరైనదే. క్షమించాల్సింది తాత, ఆయన లేడు. నోటుబుక్కు క్షమించలేదు. రాయడం వల్ల జరిగింది ఒక్కటే, నాకు నేను అబద్ధం చెప్పుకోవడం ఆగింది. అది తక్కువ పని కాదు, కానీ అప్పు తీరినట్టు కాదు. తేలిక కావడమూ తప్పు తీరడమూ ఒకటే అనుకుంటే సినిమా చూసి ఏడ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే అవుతారు.

అందుకే రాసింది దాచుకోకుండా అవ్వకు చదివి వినిపించాలనుకున్నాను. ఆమెకు చదువు రాదు. ఎన్నో ఏండ్లు ఆ మగ్గానికి కండెలు చుట్టింది ఆమే. చదువుతా ఉంటే నా గొంతు వణికింది. అయిపోయినాక తిడుతుందనుకున్నా, ఓదారుస్తుందని కూడా కొంచెం ఆశ పడ్డాను. రెండూ చేయలేదు. "దీపం పెట్టల్ల" అని లేచి పోయింది.

మరుసటి రోజు నేను బడి నుంచి వచ్చేసరికి అవ్వ గడప దగ్గర కూర్చోని ఉంది. "రేయ్, ఆ నోటు తీసుకోని రా. అంతా వద్దు. ఆయప్ప మాట్లాడే తావు మాత్రం చదువు" అంది.

ఆ తావు చదివాను. ఇంకోసారి అంది. మళ్ళీ చదివాను.