ప్రపోజల్లోంచి తీసేసిన పేరా

డిగ్రీ నాలుగో ఏడు ఆనర్స్‌కి థీసిస్ రాయాలంటే ముందు ప్రపోజల్ ఇవ్వాలి. మూడు పేజీలు. శీర్షిక, లక్ష్యాలు, ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలో ఖాళీ, పద్ధతి, చివర్న ప్రాముఖ్యత. నేను తీసుకున్నది కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’. శ్రీకాకుళంలో చదువుతూ కారా మాస్టారి కథ తీసుకున్నావా, ఇంకేం దొరకలేదా అని ఫ్రెండ్స్ నవ్వారు. నిజమే. 1960ల్లో వచ్చినప్పటి నుంచీ ఆ కథ ముగింపు మీద జనం వాదించుకుంటూనే ఉన్నారు. ఇంకా ఖాళీ ఎక్కడుంటుంది?

వెతుక్కుంటూ కథానిలయానికి వెళ్లాను. 1997లో మాస్టారు మొదలుపెట్టిన ఇల్లది. తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా అక్కడికి చేరాలన్నది ఆయన పట్టు. పాత పత్రికల మధ్య కూర్చుని, చదవాల్సింది మానేసి, ఎవరూ అనని మాట ఏదైనా మిగిలిందా అని చూస్తున్నాను. కథ చదవడానికి ఇదేం పద్ధతి అని నాకే అనిపించింది. అయినా వారంలో ఒక వాక్యం తయారు చేశాను: ‘సీతారాముడి చర్య తిరుగుబాటా, ఓటమా అని నిర్ధారించడం.’ తన కొడుకు బాకీ కింద ఎవరికీ కట్టుబానిస కాకూడదని వాడిని చంపేసిన తండ్రి గురించి, ఎనిమిది నెలల్లో నేను నిర్ధారిస్తానట!

గైడ్ సారుకి ఆ వాక్యం నచ్చింది. ప్రాముఖ్యత మాత్రం చప్పగా ఉందన్నారు. మాటల్లో మా తాత చిన్నప్పుడు బాకీ కింద కంబారిగా పనిచేశాడని చెప్పేశాను. ‘అది రాయవయ్యా, అదే నీ బలం’ అన్నారు. రాశాను. బాగా వచ్చింది కూడా. ప్రపోజల్ మొత్తంలో బతికున్న పేరా అదొక్కటే.

శనివారం ఊరెళ్లి మామ్మకి చదివి వినిపించాను. విస్తరాకు కుడుతూ విన్నాది.

‘ఆ బాకీ మీ తాత తీర్సీసినాడ్రా. కాయితం సింపీసినాడు. మల్లీ నువ్వెందుకు రాస్తన్నావు?’

నా దగ్గర జవాబు లేదు. కోపం రాలేదు ఆమెకి, అదే ఇబ్బంది. నిజంగానే తెలీక అడిగింది.

సారుతో చెబితే ఆయనన్న మాట కూడా కొట్టిపారేసేది కాదు. ‘అది దాచి, ఏ సంబంధమూ లేనివాడిలా కథని విశ్లేషిస్తే అది మాత్రం అబద్ధం కాదా?’ అన్నారు. అవును, అబద్ధమే. రాస్తే తాత చాకిరీని నా మార్కులకి వాడుకున్నట్టు, మానేస్తే నేనెవరో దాచుకున్నట్టు. కొన్నాళ్లు రెండు వైపులా ఊగాను.

మధ్యలో గిడుగు వారు గుర్తొచ్చారు, ఓదార్పుగా కాదు, సిగ్గుగా. పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, దశాబ్దాల తర్వాత 1938కి గానీ సవర-ఇంగ్లీషు నిఘంటువు తేలేదు. ఆయన్ని ఎవరైనా మొదటి ఏడే ‘మీ పని ప్రాముఖ్యత 200 పదాల్లో రాయండి’ అని అడిగుంటే ఏం రాసేవారో!

చివరికి నన్ను కదిలించింది సిద్ధాంతం కాదు, మామ్మ అన్న ‘కాయితం’. యజ్ఞంలో కూడా అన్నీ కాయితం ప్రకారమే జరుగుతాయి. పంచాయితీలో పెద్దమనుషులు తిట్టరు, కొట్టరు. ఓపికగా, న్యాయంగా లెక్క చెబుతారు. వినేవాడు తలూపేస్తాడు. నేనూ తలూపాను, మొదటిసారి చదివినప్పుడు. అన్నేళ్ల వాదనల్లో నేను మళ్లీమళ్లీ చూసింది ఆ చివరి కత్తి గురించే. నా వాక్యమూ అక్కడికే పరిగెత్తింది.

అంచేత లక్ష్యం మార్చాను. సీతారాముడి మీద తీర్పు లేదు. ఆ లెక్క అంత న్యాయంగా ఎలా వినిపిస్తోంది, చదివే నా చేత ఎలా ఒప్పిస్తోంది, అదే ప్రశ్న. తాత పేరా తీసేశాను. బదులు ‘ఈ కథలోని బాకీ వ్యవహారం నా కుటుంబానికి తెలిసినదే’ అని ఒక్క వాక్యం ఉంచాను, అదీ మామ్మని అడిగాకే.

‘ఒక్క ముక్కేనా? అయితే రాసీ’ అంది. ఆగి, ‘పేరు మాత్రం ఎట్టకు’ అంది.

ప్రాముఖ్యత కింద సగం పేజీ ఖాళీగా ఉండిపోయింది. సోమవారం అలాగే ఇచ్చేశాను. కమిటీ ఇంకా పిలవలేదు.