పెండ్లి ఛాయాచిత్రముల వెల - కాయకధర్మము



అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయమున సంవత్సరమునకు రెండు పర్యాయములు, మార్చి మాసమునను అక్టోబరు మాసమునను, ఉదయభానుని కిరణములు మూలవిరాట్టు పాదములను స్పృశించును. ఆ దినములలో తెల్లవారకమునుపే జనులు బారులు తీరుదురు. ఆ వెలుగునకు వెల కట్టినవారు లేరు. ఛాయాచిత్రమునకును మూలద్రవ్యము ఆ వెలుగే. అట్లయినచో పెండ్లి చిత్రములు తీసిన వానికి మనము చెల్లించు ద్రవ్యము దేనికి? తెల్లవారుజాము ముహూర్తమునకు నిద్ర మానుకొని వచ్చిన కంటికి, రాత్రి పొద్దుపోవువరకు బరువు మోసిన భుజమునకు, మంగళసూత్రధారణ క్షణము జారిపోనీయక నిలిచిన జాగరూకతకు, అటుపిమ్మట దినముల తరబడి కంప్యూటరు ముందు సాగిన పనికి. ఒక్కమాటలో చెప్పవలెనన్న, కాయకమునకు. ఈ సంగతి ఇరుపక్షముల వారును గుర్తుంచుకొన్నచో, నేడు పెండ్లిండ్ల అనంతరము అనేక గృహములలో రేగుచున్న ఒక తగవు చాలవరకు తీరిపోవును.

ఆ తగవు ఎట్టిది? పెండ్లికి ముందు ఫొటోగ్రాఫరుతో బేరము కుదురును. ఒక మొత్తమునకు ఆల్బమును, వీడియోయు ఇత్తునని అతడు చెప్పును. సరేయని గృహస్థు అడ్వాన్సు ఇచ్చును. కాగితము వ్రాయరు. పెండ్లి జరిగిన కొన్నాళ్ళకు పెండ్లికుమార్తె దూరదేశమునుండి, "మా చిత్రములన్నింటి సాఫ్ట్ కాపీలు పంపుడు, ఇక్కడ అచ్చు వేయించుకొందుము" అని కోరును. ఫొటోగ్రాఫరు, "చూచుకొనుటకు చిన్నవి ఫోనునకు పంపితిని కదా; అచ్చునకు పనికివచ్చునవి కావలెనన్న వేరుగా ఇంత సొమ్ము ఈయవలెను" అనును. "మా పెండ్లి, మా ముఖములు, మా సొమ్ము; మరల వెల ఏమి?" అని గృహస్థు ఆగ్రహించును. అతడు బాకీ నిలుపును. ఇతడు చిత్రములు నిలుపును.

ఇట్టి తగవును చిల్లర వ్యవహారమని త్రోసివేయరాదు. ఆ పెండ్లిలో పీటప్రక్కన కూర్చుండి వధూవరుల నుదుట విభూతి పెట్టిన ముత్తవ్వ, ఆరు మాసములకు లింగైక్యము చెందెననుకొందము. ఆమె నవ్వుచున్న కడపటి చిత్రము ఆ ఫొటోగ్రాఫరు డిస్కులోనే యున్నది. ఇంటిగోడకు పెట్టుకొనుటకు ఆ ఒక్క చిత్రమును అడుగబోయిన కుమారునికి పాత బాకీ కాగితము ఎదురగును. పెండ్లి మరల చేయవచ్చునేమో గాని ఆ చిత్రమును మరల తీయుట శివునకును సాధ్యము కాదు. సొమ్ము లెక్కగా ఆరంభమైన తగవు స్మృతిని చెరబట్టుటగా ముగియుచున్నది. అందువలననే ఇది ధర్మవిచారమునకు తగిన విషయము.

ముందుగా "అచ్చునకు పనికివచ్చు చిత్రము" అనగానేమో తెలిసికొనవలెను. కంప్యూటరు చిత్రము పిక్సెళ్ళను చుక్కల సముదాయము. మంచి అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలుండుట వాడుక. 12 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల పొడవు గల పటమునకు ఆ లెక్కను 3,600 చేత 5,400ను గుణింపగా 1 కోటి 94 లక్షల చుక్కలు కావలెను. ఫోనునకు కుదించి పంపిన చిత్రము పొడవున 1,600 చుక్కలు మాత్రమే యున్నదనుకొనుడు. దానిని 18 అంగుళములకు సాగదీసినచో అంగుళమునకు 89 చుక్కలు కూడ రావు, ముఖము మసకబారును. అదే ప్రమాణమున అచ్చు వేసినచో పటము పొడవు అయిదున్నర అంగుళములకును చాలదు. కనుక ఫోనులో కన్నులపండువుగా నున్న చిత్రము గోడమీదికి పనికిరాకపోవుటలో మోసమేమియు లేదు. చూచుటకు పంపిన చిన్న ప్రతి వేరు, సవరించి సిద్ధపరచిన పూర్తి ప్రమాణపు ప్రతి వేరు, కెమెరా పట్టిన "రా" అను మూల ఫైలు వేరు, ఆల్బము పుటలుగా కూర్చిన ఫైలు వేరు. సాఫ్ట్ కాపీ యను ఒక్క మాట క్రింద ఈ నాలుగును కలిసిపోవుటయే అపార్థమునకు మొదటి మెట్టు.

ఫిల్ము కాలమున ఈ చిక్కు మరియొక రూపమున నుండెను. నెగటివు స్టూడియోలో ఉండెడిది. మరొక ప్రతి కావలెనన్న అక్కడికే పోయి వెల చెల్లించెడివారు. అది దోపిడియని ఎవరును తలంపలేదు. ఏలయనగా నెగటివులను సంఖ్య వేసి, తేమ తగులకుండ దాచుటయు ఆ వృత్తిలో భాగమే. హైదరాబాదు ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ 1905లో మరణించెను. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజుపలక నెగటివులను 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. అన్ని దశాబ్దములు అవి నిలిచినవనగా, మూలమును పదిలపరచుటకు ఎంత విలువ కలదో ఊహింపవచ్చును. నేడు ప్రతి తీయుటకు ఖర్చు లేకపోవుటచే, దాచుటకును ఖర్చు లేదని జనులు భ్రమపడుచున్నారు.

ఫొటోగ్రాఫరు పక్షమున న్యాయముగా చెప్పవలసినది చాల కలదు. ఒక పెండ్లిలో మూడువేల చిత్రములు తీసెననుకొందము. ఒక్కొక్క మూల ఫైలు 25 మెగాబైట్లయినచో మొత్తము 75 గిగాబైట్లగును. ఒక డిస్కు చెడినచో మరియొకటి యుండవలెను గనుక రెండు చోట్ల దాచవలెను. అందులో అయిదువందలను ఏరి, ఒక్కొక్కదానికి మూడు నిమిషముల చొప్పున వెలుగును, రంగును సవరించినను 1,500 నిమిషములు, అనగా 25 గంటల పని. కెమెరాకు, లెన్సునకు, సహాయకునికి, ఆల్బము అచ్చు వేయు ల్యాబునకు అతడు చెల్లింపవలెను. ఆషాఢమునను, మూఢములలోను ముహూర్తములు లేవు. ఇంటి అద్దె మాత్రము ఆగదు. పెక్కుమంది చిత్రములు తీయుటకు తక్కువ చెప్పి, ఆల్బములో మిగులుతో దానిని పూడ్చుకొందురు. గృహస్థు ఫైళ్ళు పుచ్చుకొని వేరొకచోట అచ్చు వేయించినచో ఆ మిగులు పోవును. అందుచేతనే ఫైళ్ళకు వేరు వెల అడుగుచున్నాడు. ఈ లెక్క తెలియక అతనిని దురాశాపరుడనుట తొందరపాటు.

అయినను అతని తప్పు ఒకటి కలదు. ఆ లెక్క అతనికి బేరమునాడే తెలియును, గృహస్థునకు తెలియదు. పని దక్కించుకొనుటకై ముందు అల్పమైన వెల చెప్పి, పెండ్లి జరిగిపోయి మరియొక దారి లేకుండ పోయిన పిమ్మట రెండవ వెల చెప్పుట కాయకము కాదు. అవతలివాని నిస్సహాయతయే అప్పుడు సరకగుచున్నది. రెండవ వెల న్యాయమైనదే కావచ్చును. అది చెప్పిన సమయము అన్యాయము. గృహస్థు పక్షమునను తప్పు కలదు. మండపమునకు, పూలకు, భోజనములకు చేయి ఆడినట్లు వ్యయపరచి, ఫొటోగ్రాఫరు దగ్గర మాత్రము వేలు తగ్గించుమని గీచిగీచి బేరమాడి, పిమ్మట బేరములో లేనిది కూడ హక్కుగా కోరుట పరుని చెమటను ఉచితముగా కోరుటయే. చేసిన పనికి చెల్లవలసిన బాకీని మరియొక కోరిక తీరువరకు నిలుపుట కూలి ఎగవేయుట కంటె వేరు కాదు.

చట్టమేమి చెప్పుచున్నదో తెలియుట మేలు. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, ఒకరు కోరగా ప్రతిఫలము పుచ్చుకొని తీసిన ఛాయాచిత్రమునకు, విరుద్ధమైన ఒప్పందము లేనిచో, కోరినవారే మొదటి హక్కుదారులు. అమెరికాలో 1978 జనవరి 1 నుండి అమలులో నున్న చట్టము ప్రకారము సాధారణముగా చిత్రము తీసినవానికే హక్కు. అతడు వ్రాసి యిచ్చిననే అది మారును. అందుచేతనే అక్కడ స్థిరపడిన మన బిడ్డలు అచ్చు వేయించుకొనుటకు ఫొటోగ్రాఫరు అనుమతిపత్రము అడిగి పుచ్చుకొందురు. ఆ దేశపు మాట ఈ దేశమునకు, ఈ దేశపు మాట ఆ దేశమునకు అన్వయింపరాదు. మరియొక సూక్ష్మము: హక్కు మనదైనంత మాత్రమున, ఎన్ని చిత్రములు, ఏ ప్రమాణమున, ఎన్ని దినములలో ఈయవలెనో ఆ సెక్షను చెప్పదు. అది ఇరువురి ఒప్పందమును బట్టి యుండును. మాట లేనిచోట హక్కు గలవాడును తగవు పడక తప్పదు.

న్యాయమైన వెల ఎట్లుండవలెనో శరణుల చరిత్రములు చూపుచున్నవి. నులియ చందయ్య గడ్డి కోసి, త్రాళ్ళు పేని, అమ్మగా వచ్చినదానితో జంగమదాసోహము చేయువాడు. ఒక పర్యాయము ఆ త్రాళ్ళకు వాడుక వెలకంటె మిక్కిలి హెచ్చు ద్రవ్యము వచ్చెను. చందయ్య సంతోషింపలేదు; త్రాటికి తగిన వెలయే కాయకఫలము, అంతకు మించినది తనది కాదని తిరస్కరించెను. ఆయ్దక్కి మారయ్య కల్యాణనగరమున నేలరాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు నిత్యముకంటె హెచ్చు తెచ్చెను. సతి లక్కమ్మ, ఇది మన అవసరమునకు మించినది, ఎక్కడివి అక్కడనే పోసి రమ్మని పంపెను. చందయ్య కథ అమ్మువానికి పాఠము. లక్కమ్మ కథ పుచ్చుకొనువానికి పాఠము. ఫొటోగ్రాఫరు తన త్రాటి వెలను మాత్రమే అడుగవలెను. గృహస్థు తన బేరపు గింజలను మాత్రమే కోరవలెను. మూడువేల చిత్రములును కావలెనని పట్టుపట్టి, పెన్‌డ్రైవులో పెట్టి, మరల ఎన్నడును తెరచి చూడని గృహములెన్ని లేవు! లక్కమ్మ ఆ ఇంట నుండినచో ఏమనెడిదో ఊహింపుడు.

కావున చేయవలసినది కష్టమైనది కాదు. లగ్నపత్రిక వ్రాయించునాడే మరియొక కాగితము వ్రాయింపవలెను. అందు ఈ విషయము లుండవలెను: మొత్తము వెల ఎంత, అందులో ఆల్బము పుటలెన్ని, సవరించిన పూర్తి ప్రమాణపు చిత్రములు ఎన్ని యిచ్చును, వాని వెల చేరియున్నదా, వేరా, మూల ఫైళ్ళు ఇచ్చునా, ఈయడా, ఎన్ని దినములలో ఇచ్చును, ఇచ్చిన పిమ్మట తన యొద్ద ఎన్ని మాసములు దాచును, తన స్టూడియో అద్దములలోను, ప్రకటనలలోను వధువు చిత్రము పెట్టుటకు అనుమతి కలదా, లేదా, బాకీ ఏనాడు చెల్లును. ఇరువురు సంతకములు చేసి చెరియొక ప్రతి ఉంచుకొనవలెను. నమ్మకము లేక వ్రాయు కాగితము కాదిది; నమ్మకము చెడకుండుటకు వ్రాయునది. ఫైళ్ళు చేతికి వచ్చిన దినముననే రెండు వేరు చోట్ల భద్రపరచుట గృహస్థు బాధ్యత. పదేండ్లకు పోయి అడిగినచో ఫొటోగ్రాఫరు డిస్కు బ్రతికి యుండవలెనను నియమము లేదు.

మఠములు ఇందు మంచి సేవ చేయవచ్చును. పెండ్లికి గురువును ఆహ్వానింప వచ్చిన కుటుంబమునకు పంచకలశముల సామగ్రి పట్టీతోపాటు ఇట్టి ఒప్పందపు నమూనా ఒకటి ఇచ్చినచో ఎన్ని తగవులు మొలకెత్తకముందే ఆగును! బీదకుటుంబమునకు, ఆల్బము ఆడంబరము విడిచి ఏబది మంచి చిత్రములు పూర్తి ప్రమాణమున పుచ్చుకొనుట చాలునని పెద్దలు చెప్పవలెను. గురుపాదపూజ, సూత్రధారణము, ఇరువైపుల పెద్దలు, కడపటి పంక్తిలో కూర్చున్న ముత్తవ్వ - ఇవి యుండిన పెండ్లి అంతయు ఉన్నట్లే.

ఇదివరకే తగవు పడియున్నవారు ఏమి చేయవలెను? మొదట గృహస్థు, ఒప్పుకొన్న పనికి ఒప్పుకొన్న బాకీని చెల్లింపవలెను. పిదప ఫొటోగ్రాఫరు, ఒప్పుకొన్నవాటిని అప్పగించి, అదనపు పనికి పట్టు గంటలు లెక్కచెప్పి, ఆ గంటలకు మాత్రమే వెల అడుగవలెను. మరణించినవారి చిత్రమొక్కటి కోరినప్పుడు బేరము పెట్టకుండుట ఏ కాయకమునకైనను శోభ. పెద్దల మాటతో తీరనిచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ప్రతిఫలము అయిదు లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. 1915 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. కాని కాగితము వ్రాసికొననివారు అక్కడను సాక్ష్యమునకు తడుముకొనవలసి వచ్చును.

బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున నేతవానిని, పడవవానిని, చెప్పులు కుట్టువానిని ఒకే అనుభవమంటపమున కూర్చుండబెట్టినప్పుడు, కెమెరా పట్టు వృత్తి లోకమున లేదు. ఉండినచో వానికిని అక్కడ ఆసనము దొరకియుండెడిది. ఆ ఆసనమునకు తగినట్లు అతడు ముందే వెల చెప్పవలెను. ఆ ఆసనమున కూర్చున్నవానికి తగినట్లు మనము మర్యాదగా వెల చెల్లింపవలెను. రాబోవు ముహూర్తములకు బిడ్డల పెండ్లిండ్లు కుదిరిన గృహములవారు, అడ్వాన్సు చేతబెట్టుటకు ముందు ఆ కాగితము వ్రాసికొందురు గాక!