వకాల్తా, వోటు

వకాల్తా పుచ్చుకొన్న వకీలు, అంతకంటె పెద్ద కక్షిదారుడు దొరకెనని మొదటివాని దావాను నడుమ విడిచిపెట్టినచో వానిని మనమేమందుము? ఫీజు తిరిగి యిచ్చినను దోషము తీరదు. వానిని నమ్మి కక్షిదారుడు వేరొక వకీలును చూచుకొనలేదు గదా! ఆ వకీలే శాసనసభకు నిలిచి వోటు పుచ్చుకొన్నపుడు ఈ ధర్మము మారునా?

అబ్రహాం లింకను కొయ్యగుడిసెలో పుట్టిన సంగతి మన పిల్లలకు చెప్పుదుము. 1854వ సంవత్సరపు సంగతి చెప్పము. అప్పటికాయన ఇల్లినాయి రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో పేరున్న వకీలు. పూర్వము నాలుగు పర్యాయములు ఆ రాష్ట్ర శాసనసభలోను, ఒకసారి కాంగ్రెసులోను కూర్చుండి, మరల వృత్తిలో మునిగియుండెను. ఆ మే నెలలో కాన్సాసు-నెబ్రాస్కా చట్టము క్రొత్త సీమలలోనికి బానిసత్వమునకు త్రోవ తీసెను. ఆయన మరల వేదిక యెక్కెను. మిత్రులు శాసనసభకు నిలువుమనిరి. పత్రికలో ప్రకటించిన ఆయన పేరును భార్య మేరీ పోయి తీసివేయించినదని ఒక మిత్రుడు పిమ్మట చెప్పెను. ఇల్లాలు చూచినంత దూరము మిత్రులు చూడలేదు కాబోలు!

నవంబరు 7వ తేదీన ఆయన గెలిచెను. కొద్దిదినములకే దేశపు సెనేటులో స్థానమునకై తోడ్పడుడని జాబులు వ్రాయసాగెను. సెనేటరులను ఆ కాలమున రాష్ట్ర శాసనసభలే యెన్నుకొనెడివి. 1913 దాక అదే పద్ధతి. అయితే శాసనసభ్యుడు ఆ పదవికి తగడని ఇల్లినాయి రాజ్యాంగము నిషేధించెను. కావున 25వ తేదీన ఆయన గెలిచిన స్థానమును వదలుకొనెను. డిసెంబరులో జరిగిన ఉపయెన్నికలో అది ప్రతిపక్షమువారి పాలయ్యెను.

1855 ఫిబ్రవరిలో సెనేటు ఎన్నిక జరిగెను. తొలి విడతలో లింకనుకే అధికముగా 44 వోట్లు వచ్చెను, తరువాత తగ్గిపోయెను. బానిసత్వవ్యాప్తిని ఎదిరించువాడొకడైన గెలువవలెనని తనవారిని లైమన్ ట్రంబులునకు వోటు వేయుమని చెప్పి, పదవ విడతలో ఆతనిని గెలిపించెను. ఈ త్యాగమును చరిత్రకారులు మెచ్చుకొందురు, నేనును మెచ్చుకొందును. కాని సెనేటు మీది ఆశ ఆయన సొంతము. దానిని ఎవరికైన ఇచ్చివేయవచ్చును. శాసనసభా స్థానము అట్టిది కాదు. అది వోటర్లు అప్పగించిన సొమ్ము.

మనుష్యులను సంతలో అమ్ముచున్న దేశములో ఒక స్థానమును గూర్చి యింత పట్టింపేల యని కొందరనవచ్చును. ఇది కొట్టివేయదగిన మాట కాదు. కాని ఆ వోటర్లలో పెక్కురు ఆ కార్యము కొరకే ఆయనకు వోటు వేసిరి. ఆయన విడిచిన పీట ప్రతిపక్షమునకు పోగా, సభలో ఒక వోటు తగ్గి, నష్టపడినది ఆ కార్యమే. పెద్ద పదవి కోరుట తప్పు గాదు. కోరుదునని ముందే చెప్పి అడిగిన వోటు వేరు. గెలిచిన పిమ్మట తెలిసిన సంగతి వేరు.

మన దేశమున 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము రెండు స్థానములలో గెలిచినవాడు ఒకటి వదలుకొనవలెను. 1996 మొదలు రెంటికి మించి నిలుచుటకు వీలులేదు. వదలిన చోట మరల యెన్నిక, మరల ప్రజాధనము. చట్టము ఒప్పుకొనుట వేరు, కక్షిదారుడు ఒప్పుకొనుట వేరని ఏ వకీలునకు తెలియదు? గెలిచినచో మా వూరిని వదలెదవా, ఆ వూరినా యని నామినేషను నాడే అడిగిన వోటరును మాత్రము నేనింకను చూడలేదు.