బతికి బయటపడ్డాక

చావుకి లెక్క ఉంటుంది. 2002-03లో ప్రపంచమంతా కలిపి సార్స్ సోకినవాళ్ళు 8,098 మంది, పోయినవాళ్ళు 774 మంది. సోకినవాళ్ళలో దాదాపు ఐదో వంతు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళే. మరి బతికి బయటపడ్డ నర్సుల సంగతి?

కొందరు అదీ రాసిపెట్టారు. టొరంటోలో జబ్బు తగ్గి ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు గడిచినా పనిలోకి వెళ్ళలేకపోయిన 22 మందిని పరీక్షించారు. వాళ్ళలో 21 మంది వైద్య సిబ్బందే. ఒళ్ళు నొప్పులు, తీరని అలసట, పట్టని నిద్ర, దిగులు. బీజింగ్‌లో ఒక ఆసుపత్రి సిబ్బందిని 2018 దాకా, పదిహేనేళ్ళు గమనించారు. ఊపిరితిత్తులు చాలావరకు మొదటి ఏడాదిలోనే కోలుకున్నాయి గానీ, కొందరిలో మచ్చలు అలాగే ఉండిపోయాయి. ప్రాణం నిలపడానికి ఎక్కించిన స్టెరాయిడ్లతో మరికొందరికి తుంటి ఎముక చచ్చుబడింది.

నీరసం, నొప్పులు, నిద్రలేమి, దిగులు... మన అమ్మలూ అమ్మమ్మలూ జన్మంతా చెప్పుకున్నవి ఇవే కదా! ఎక్స్‌రేలో కనబడని బాధ ఆడదాని నోట వినబడితే "మామూలే" అయిపోతుంది. నర్సుల్లో అత్యధికులు స్త్రీలు కావడాన్ని ఇక్కడ పక్కన పెట్టలేను.

"తెలిసే కదా ఆ ఉద్యోగంలో చేరారు" అంటారు. సైనికుడూ తెలిసే చేరతాడు. కాలు పోగొట్టుకుని తిరిగొస్తే పెన్షన్ ఇస్తాం, దాన్ని దయ అనుకోం. అపాయానికి ఒప్పుకోవడం వేరు, ఆ తర్వాత దిక్కులేకుండా మిగిలిపోవడానికి ఒప్పుకోవడం వేరు. రెండోదానికి ఏ నర్సూ సంతకం పెట్టలేదు. అంటారియో నర్సులు తమకు రక్షణ కల్పించలేదని ప్రభుత్వం మీద కోర్టుకెళ్తే, ప్రభుత్వ బాధ్యత మొత్తం ప్రజల పట్లే గానీ విడిగా నర్సుల పట్ల కాదని 2009లో అప్పీలు కోర్టు కొట్టేసింది. (కాపాడేటప్పుడు మాత్రం విడిగా నర్సులే కావాలి.)

మన దగ్గర 2020 మే 3న గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టర్‌తో పూలు చల్లారు. ఆ ఏడాదే ప్రకటించిన 50 లక్షల బీమా, కోవిడ్ విధుల్లో ప్రాణం పోయినవాళ్ళ కుటుంబాలకి. ఆశా కార్యకర్తలనీ అందులో చేర్చారు, మంచిదే. బతికి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే ఆశాకి మాత్రం అందులో చోటు లేదు. ఆమెకిచ్చేదాన్ని జీతం అని కూడా అనరు. పారితోషికం, గౌరవవేతనం అంటారు.

అందుకే "త్యాగం" అన్న మాట వింటే నాకు అనుమానం. త్యాగం అనేశాక తిరిగి చెల్లించాల్సిందేమీ మిగలదు. అప్పు అంటే మిగులుతుంది. అప్పు తీర్చాలంటే ముందు, ఆయాసంగా ఉందన్న ఆమె మాటనే రుజువుగా తీసుకోవాలి. ఆ మాట రాసుకోవడానికి ఏ ఫారంలో గడి ఉంది?